ఆర్‌సీలో ఉన్న బండి, రోడ్డు మీద ఉన్న బండి

నమస్కారం. నా వెనక స్టాండు వేసి ఉన్న ఈ 350 సీసీ బులెట్‌ను మీరు ఇంతకుముందు వీడియోలలో చూశారు, కానీ ఇప్పుడు గుర్తుపట్టడం కష్టమే. ఒంటి సీటు, కిందికి దిగిన హ్యాండిల్, వీధి చివరి వరకు వినిపించే పొట్టి సైలెన్సర్, సగానికి కోసిన మడ్గార్డుతో కెఫే రేసర్ వేషంలో తిరిగిన బండి ఇదే. అంత ముచ్చటైన రూపాన్ని ఎందుకు విప్పేశారని అడిగినవారు చాలామంది ఉన్నారు. విప్పకపోతే దీని రిజిస్ట్రేషన్‌ను పొడిగించేవారు కాదు, అదే అసలు కారణం. ఆ తనిఖీలో ఏం జరిగిందో, మన దేశంలో మార్పులు చేసిన బండికి చట్టం ఎంతవరకు చోటిస్తుందో ఈ రోజు వివరంగా చెబుతాను.

ఈ బండి 2009 మార్చిలో రిజిస్టర్ అయింది. సొంత వాహనాలకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. అందుకు 25వ నంబరు ఫారంలో దరఖాస్తు చేసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన రుసుముల ప్రకారం నేను 1,000 రూపాయలు కట్టాను. గడువు దాటితే ద్విచక్ర వాహనానికి నెలకు 300 రూపాయల చొప్పున అదనంగా పడుతుంది, హరిత పన్ను వేరే. ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేసుకోగల పనులే కానీ, చివరికి బండిని మాత్రం నడుపుకుంటూ వెళ్లి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు, అంటే మనవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారికి, చూపించవలసిందే. నేను దీనిని సెకండ్ హ్యాండులో, మార్పులన్నీ జరిగిన తరువాతే కొన్నాను. చేసింది నేను కాదు కదా అన్న ధీమాతోనే వెళ్లాను.

ముందుగా ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ అడిగారు. తెలియనివారికి చెబుతాను. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద చెక్కి ఉండే నంబరుపై మట్టి, గ్రీజు తుడిచి, పల్చటి కాగితాన్ని బిగువుగా అదిమిపట్టి, పెన్సిల్ ములుకును పక్కకు వాల్చి రుద్దితే, నల్లటి మరక మధ్య అంకెలు తెల్లగా తేలతాయి. ఆ అంకెలను ఇన్‌స్పెక్టర్ గారు ఆర్‌సీతో ఒక్కొక్కటిగా సరిపోల్చారు, ఇంజన్ నంబరును కూడా అలాగే చూశారు. రెండూ సరిపోయాయి. పని అయిపోయినట్టే అనుకుంటుండగా ఆయన వెనక్కి వచ్చి, సీటు కిందికి చేయి పోనిచ్చి, ఫ్రేము కొసలను వేళ్లతో తడిమారు. అక్కడ రెండు గొట్టాలను గ్రైండర్‌తో కోసి, చివర్లకు ఇనుప బిళ్లలు వెల్డింగ్ చేసి, పైన నల్లరంగు కొట్టి ఉంది. కంటికి అందంగానే కనిపించింది, వేలికి మాత్రం దొరికిపోయింది. "ఇది ఎవరు కోశారు?" అని ఒక్క మాట అడిగి, దరఖాస్తును పక్కన పెట్టేశారు.

ఆ ఒక్క కోత వల్ల ఎన్ని పోయాయో నాకు ఆ తరువాత అర్థమైంది. ఆర్‌సీలో సీట్ల సంఖ్య రెండు అని ఉంది, బండికి మాత్రం ఒకరు కూర్చునే చోటే మిగిలింది. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, దుస్తులు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం చెబుతోంది. మన వాడుకలో శారీ గార్డ్ అనేది ఆ రక్షణలో భాగమే. ఫ్రేము కొస కోసేస్తే శారీ గార్డుకూ, పిడికీ, పూర్తి మడ్గార్డుకూ బోల్టు బిగించే ఆధారమే ఉండదు. మడ్గార్డు లేనప్పుడు నంబరు ప్లేటు చక్రం పక్కన ఎక్కడో అడ్డంగా వేలాడుతుంది. వెనక ప్లేటు మీద అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలన్న నియమం పాటించినా, అవి కనిపించని చోట ఉంటే ప్రయోజనం లేదు. కెఫే రేసర్ రూపానికి ప్రాణం అనుకునే ఆ కోతే చట్టం దృష్టిలో బండికి ప్రాణం తీసింది.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చే నిర్మాణపరమైన మార్పునే మార్పుగా ఆ సెక్షన్ నిర్వచించింది. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరింత గట్టిగా చెప్పింది. రాష్ట్ర నియమాలు ఏదైనా వెసులుబాటు ఇస్తున్నట్టు కనిపించినా, తయారీదారు వివరాలను దాటిపోయే మార్పుకు వీలులేదని తేల్చింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణతో, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే నిబంధన చేరింది. రోడ్డు మీద రాసే చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కానీ "ఒక్కొక్క మార్పుకు" అన్న మాటను మాత్రం గమనించండి.

ఇంజన్ మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే, ముందుగా రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకొని మార్చుకోవచ్చు. 350 ఆర్‌సీ మీద 500 ఇంజన్ ఎక్కించడం ఆ కోవలోకి రాదు. బ్యాటరీ, సీఎన్‌జీ వంటి వేరే ఇంధనానికి మారడానికి ఆమోదం పొందిన కిట్లను చట్టమే అనుమతిస్తుంది. వికలాంగుల కోసం స్కూటరుకు పక్క చక్రాలు అమర్చి, ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవడానికీ దారి ఉంది. ఇవి నిజంగా తెరిచి ఉన్న తలుపులు. అందం కోసం చేసే మార్పులకు అలాంటి తలుపు లేదు. జర్మనీలో స్థిరపడిన మన తెలుగువారు కొందరు దీనిని విని ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అక్కడ మార్చిన ఒక్క బండినే నిపుణుడి ముందు నిలబెట్టి, పరీక్ష చేయించి, ఆ మార్పును వాహన పత్రాలలో రాయించుకోవచ్చు. మన దగ్గర పుణెలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) వంటి సంస్థలు పరీక్షించేది తయారీదారు తెచ్చే నమూనాను. ఒక్క బండి కోసం అంత ఖర్చు పెట్టుకోగలవారు ఎవరుంటారు? ఒంటరి బండికి ఇక్కడ కూడా ఒక పరీక్షా పద్ధతి ఉంటే బాగుండునని నా అభిప్రాయం. ఉండకపోవడం వల్ల మంచి పనివాడు చేసిన బండీ, రోడ్డు పక్క గ్రైండర్‌తో కోసిన బండీ ఒకే గాట కట్టబడుతున్నాయి.

సైలెన్సర్ విషయంలో మాత్రం నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్ తయారీ దశ పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదు. మనం తగిలించే పొట్టి గొట్టాలలో లోపల జాలీ కూడా ఉండదు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించడం మీరూ చూసే ఉంటారు. దీనికి తోడు ఇంకొక చిక్కు ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి పొట్టి ఫిల్టర్ పెట్టినవారు, గాలి ఎక్కువ వస్తుందని కార్బొరేటర్‌లో పెద్ద జెట్, అంటే పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క, వేస్తారు. పెట్రోలు వాటా ఎక్కువై పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. 2000 మార్చి తరువాత తయారైన ఇలాంటి ఫోర్ స్ట్రోక్ పాత బండ్లకు ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రమే తిరుగుతున్నప్పుడు, దాని పరిమితి 3.5 శాతం. నా బండి మొదటిసారి ఆ గీత దాటిపోయి, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరే ఆగింది. పాత డబ్బా, పాత జెట్ తిరిగి పెట్టాక సరిపోయింది.

ఫ్రేము మరమ్మతుకే ఎక్కువ రోజులు పట్టింది. పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ వెనక ముక్క దొరికింది. లేత్ షాపు మేస్త్రీ గొట్టాల లోపల బిగువుగా పట్టే కడ్డీని దిగ్గొట్టి, రెండు వైపులా కొలతలు సరిచూసుకొని, ఆ తరువాతే వెల్డింగ్ చేశారు. మెడ మీది నంబరు దగ్గరకు మంట గానీ ఎమెరీ కాగితం గానీ పోనివ్వలేదు. ఆ అంకె చెదిరితే బండి గుర్తింపే పోతుంది. ఆర్‌సీలో మెరూన్ అని ఉన్నందుకు మ్యాట్ బ్లాక్ తీసి మళ్లీ మెరూన్ కొట్టించాను. రెండో తనిఖీలో ఇన్‌స్పెక్టర్ గారు మళ్లీ సీటు కిందికే చేయి పోనిచ్చారు. అతుకును దాచలేదు, మరమ్మతు అని నేనే చెప్పాను. ఇండికేటర్లు, అద్దాలు, బ్రేకులు చూసి సంతకం చేశారు. కొత్త చెల్లుబాటు 2029 మార్చి వరకు ఉంది.

ఇప్పుడు ఈ బండి మీద నేను ఉంచుకున్న మార్పులు బోల్టు విప్పితే పోయేవి మాత్రమే: సీటు కవరు, హ్యాండిల్ పిడులు, ట్యాంకు మీద తోలు పట్టీ. మార్పులు చేసిన బండిని సెకండ్ హ్యాండులో కొనబోయేవారు బేరానికి ముందే ఆర్‌సీని చేతిలో పట్టుకొని రంగు, సీట్లు, సీసీ, రెండు నంబర్లు సరిచూడండి. తరువాత సీటు కింద ఫ్రేము కొసల దాకా చేయి పోనివ్వండి. విప్పిన అసలు సామాను అమ్మేవారి దగ్గర ఉంటే, దాని కోసం కొంచెం ఎక్కువ అడిగినా ఇచ్చి తెచ్చుకోండి. నాకు ఆ సామాను విడివిడిగా వెతికి కొనడానికి అయిన ఖర్చు, బండి కొన్న ధరలో దాదాపు మూడో వంతు.