కూలి ముందు, బాప్తిస్మం తర్వాత

వందనాలండీ అందరికీ. క్రిస్మస్‌కి మనం బియ్యం పంచిన వీడియో ఛానెల్‌లో కనపడట్లేదేంటి బ్రదర్ అని కొందరు మెసేజ్ పెట్టారు. నేనే తీసేశాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఒంగోలు వెళ్లాలి, అదీ 1877లోకి.

ధాత కరువు పేరు పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. 1876లో మొదలై 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చేసింది. వానల్లేవు, గింజల ధర అందదు. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి మగమనిషి రోజుకూలిని ఒక పౌను ధాన్యానికి, పైన కొంచెం చిల్లరకి కుదించాడు. పౌను అంటే అరకేజీ కూడా నిండదు. పొద్దస్తమానం మట్టి మోసే మనిషికి అది!

అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. 1866 నుంచీ అక్కడే మకాం. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు కాబట్టి నేల కొలవడం తెలుసు. సంఘంలో ఎక్కువమంది మాదిగలు. తోలు పని, కూలి పని వాళ్ల బతుకు. కరువొస్తే ఊళ్లో ముందు ఖాళీ అయ్యేది ఆ పేట కుండలే కదా.

సముద్రతీరం వెంట పడవలు నడిచే బకింగ్‌హాం కాలువ తవ్వకం ఆ రోజుల్లో సాగుతోంది. క్లౌ వెళ్లి అందులో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇవాళ ఏ పాస్టరు గారైనా కాంట్రాక్టు పట్టారంటే మనమే ఎన్ని మాటలంటామో! కానీ మిగతా చోట్ల పని చేయించేవాళ్లు ఈ కులం వాళ్లని నానా తిట్లూ తిట్టి ఏడిపించేవాళ్లు. అందుకని తన భాగంలో తెలుగు బోధకులనే పైన పెట్టాడు. రాజుపాలెం దగ్గర పాకలు వేశారు. పని చూసుకుని, చేసిన పనికి కూలి చేతిలో పెట్టారు. తవ్వేవాళ్లు కాసేపు అలుపు తీర్చుకుంటుంటే బోధకులు పక్కన చేరేవాళ్లు. చెప్పింది ఎక్కువగా ఒకే వాక్యం: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." మనం ఏసీ హాల్లో కూర్చుని వినే వాక్యమే. తట్ట అప్పుడే దించిన మనిషికి అది ఇంకోలా వినపడి ఉంటుంది.

ఇక్కడ క్లౌ ఇంకో పని చేశాడు. బాప్తిస్మాలు ఆపేశాడు. దాదాపు 15 నెలలు! అడిగినవాళ్లకి కూడా ఇవ్వలేదు. తిండి ఇచ్చే చెయ్యీ, బాప్తిస్మమిచ్చే చెయ్యీ ఒకటే అయితే ఎవరు దేనికోసం వచ్చారో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదని ఆయన భయం. సాయం మాత్రం ఆపలేదు.

మన సభల్లో మాత్రం వినపడే అంకె వేరు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు, క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. అంకె చెప్పగానే హల్లెలూయ అంటాం. ఆ 15 నెలల సంగతి ఎవరూ ఎత్తరు. నన్నడిగితే పెద్ద సంగతి అదే.

కూటికోసం సంఘంలో కలిశారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని క్లౌ చెబితే, బాప్తిస్మం అడగడానికి వచ్చినవాళ్లు మాకు డబ్బొద్దు, పని చేశామనడానికి మా చేతుల పొక్కులే సాక్ష్యం అన్నారని ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అయినా అంత జనంలో ఒక్కరి మనసులోనూ కూటి ఆశ లేదని నేను చెప్పలేను. మళ్లీ కరువొస్తే దొర ఉన్నాడులే అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. పిల్లల్ని ఆకలికి పోగొట్టుకున్నవాళ్లు అలా అనుకుంటే తప్పు పట్టేవాడెవడు?

సరే, మన వీడియో. పదికేజీల సంచులు. వరసలో ఒక మామ్మ. వెనక ఫ్లెక్సీ మీద మా ఛానెల్ పేరు పడాలని ఆమెని ఎండకి ఎదురుగా నిలబెట్టాను. "మామ్మా, సంచి ఇంకొంచెం పైకెత్తు" అన్నాను. మొదటిసారి బ్లర్ వచ్చింది. మళ్లీ ఎత్తించాను. ఈసారి ఎవరో అడ్డొచ్చారు. మూడోసారికి ఆమె మోచేతులు వణుకుతున్నాయి, ముఖం మీద నవ్వు మాత్రం అలాగే పెట్టుకుంది. "నాయనా, ఇంక దించనా?" అని అడిగింది. ఆ మాట వీడియోలో కట్ చేసింది కూడా నేనే.

ఈసారి బియ్యం ఇళ్లకే తీసుకెళ్లి ఇస్తున్నాం, ఆదివారం మందిరానికి వస్తారా రారా అని అడగకుండా. శనివారం పొద్దున్నే ఏడింటికి బయల్దేరతాం. ఆటో ఒకటే దొరికింది. బండ్లున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరు ముగ్గురు చాలు.