ట్యూన్ తీసేసి చదువుండ్రి, భయమైతది!

నమస్తే అన్నలు, అక్కలు! పోయిన వీడియోల "ఫీల్ మై లవ్" మీద ఒక్క మాట అన్నందుకు ఒకటే తిట్లు, పాటను పాట లెక్క ఇనాలె అన్నా, గంత సీరియస్ ఎందుకు అని. మల్ల అదే అంటున్న, ఇంకింత గట్టిగ అంటున్న: ట్యూన్ తీసేస్తే అది బెదిరింపు!

2004 ఆర్య పాట. రాసింది మన చల్లగరిగ చంద్రబోస్ సారు, 2023ల ఆస్కార్ తెచ్చినప్పుడు నేను గూడ ఎగిరిన, అది వేరే ముచ్చట. కానీ ఆ పాటల పోరడు ఏమంటుండు? కోపం జెయ్యి, ద్వేషించు, లెటర్లు చింపు, పూలు ఇసిరికొట్టు, ఏం జేసినా నా ప్రేమ మాత్రం ఫీలవ్వాలె అంటుండు. ఇగ ఆ పిల్ల "వద్దు" అని ఎట్ల చెప్పాలె? చింపినా ప్రేమ ఖాతాలనే పడ్తది గదా! గిదే మాట హన్మకొండ చౌరస్తల బస్సు కోసం నిలబడ్డ మీ చెల్లె దగ్గరికొచ్చి ఎవడన్న మెల్లగ చెప్తే ఊకుంటరా? షీ టీమ్ పోలీసులకు ఫోన్ కొట్టరా?

మనోళ్లే అనుకోకుండ్రి. 1983ల "ఎవ్రీ బ్రెత్ యూ టేక్", బ్యాండ్ పేరే ద పోలీస్! నీ ప్రతి ఊపిరి, ప్రతి అడుగు చూస్తనే ఉంట అనుడే పాటంతా. అది మంచి పాట గాదు, నిఘా పెట్టేటోని పాట అని అది రాసిన ఆ బ్యాండ్ సింగర్ స్టింగే చెప్పిండు, జనం మాత్రం పెళ్లిళ్లల్ల పెట్టుకున్నరు, అమెరికాల 8 వారాలు నంబర్ వన్. ఎందుకంటే ఆ గిటార్ అంత తియ్యగుంటది! నా థియరీ గిదే, అసలు దొంగ ట్యూను. అదే మాటకు హారర్ మ్యూజిక్ పెట్టుండ్రి, ఒక్కడు గూడ ప్రపోజ్ చెయ్యడానికి వాడడు.

పాట ఇని ఎవడు చెడిపోడు అంటరు. 2008 డిసెంబర్ల మన వరంగల్‌లనే ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లల మీద యాసిడ్ పోసిన్రు. పాట ఇని పోసిన్రని నేను అననే అనను. కానీ వద్దంటే ఇంకింత వెంటపడాలె అని పోరగాండ్లకు చిన్నప్పటి సంది చెవుల పోసింది ఎవరు? 2013ల చట్టమొచ్చింది, వద్దన్నంక గూడ వెంటపడితే మొదటిసారికే 3 ఏండ్ల దాకా జైలు. పాటల హీరోకు మాత్రం ఇంకో చరణం!

వచ్చే వీడియోల మన లవ్ ఫెయిల్యూర్ డీజే పాటలు పట్టుకుంటున్న, పిల్లను శాపాలు పెట్టేటియి. మీకు యాదికున్న చరణాలు వాయిస్ మెసేజ్ పెట్టుండ్రి. పాడొద్దు, ఉత్తగ చదవాలె.