ముప్పై నిమిషాల నాటిక

మిత్రులారా, నటన గురించి ఈ పూట పెద్దగా మాట్లాడను. కాలేజీ నాటికలు నటన చేతగాక చెడేది తక్కువ. టైము చాలక, మాట వినబడక చెడిపోయేవే ఎక్కువ.

ముందు టైము సంగతి. భారత విశ్వవిద్యాలయాల సంఘం యువజనోత్సవాల్లో ఏకాంకికకు, అంటే ఒకే అంకంలో ముగిసే నాటికకు, 30 నిమిషాలు ఇస్తారు. పాత్రధారులు తొమ్మిదిమందికి మించకూడదు. రంగం సర్దుకోడానికి 10 నిమిషాలు. స్కిట్ అయితే ఆరుగురు, 10 నిమిషాలు, రికార్డు చేసిన సంగీతం పనికిరాదు. మూకాభినయానికి 5 నిమిషాలే. ఏ ఏటికా ఏడు నిబంధనల కాగితం చూసుకోండి, చిన్న మార్పులు వస్తుంటాయి.

మీకు దొరికే స్క్రిప్టులు ఎక్కువగా నాటక పరిషత్తులు పెట్టే పోటీలకు రాసినవి. అవి గంటకు కాస్త అటూ ఇటూగా ఆడతాయి. అంటే సగానికి కొయ్యాలి. ఇక్కడ అందరూ ఒకే పని చేస్తారు: ప్రతి పాత్రకూ రెండేసి డైలాగులు తగ్గిస్తారు. దాంతో పాత్రలన్నీ పలచబడతాయి, కథ మాత్రం అంతే పొడవుంటుంది. మాటలు కాదు, పాత్రనే తీసెయ్యండి. ఒక వార్త చెప్పి వెళ్ళిపోయే పక్కింటాయన, ఉత్తరం ఇచ్చిపోయే పోస్టుమాన్, వీళ్ళు ముందు పోవాలి. వేషం పోయిన కుర్రాడు అలుగుతాడు, లైట్లు అప్పజెప్పండి. కన్యాశుల్కం లాంటిదానికే కోత తప్పలేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకం 1909 నాటి కూర్పులో ఏడు అంకాలకు పెరిగింది. దాన్ని కుదించకుండా ఆడేవాళ్ళు అరుదు. మధురవాణి ఇంటి రంగం ఒక్కటి విడిగా తీసుకున్నా నిలుస్తుంది. మీరూ అలా తనంతట తాను నిలబడే ముక్కను పట్టుకోండి.

కోసిన స్క్రిప్టును కూర్చుని పైకి చదివితే 22 నిమిషాలు దాటకూడదు. నడకలు, మౌనాలు, జనం నవ్వులు కలిశాక అది 28కి చేరుతుంది. లైట్లార్పి రంగం మార్చిన ప్రతిసారీ అర నిమిషం పోతుంది. నాలుగుసార్లు ఆర్పితే రెండు నిమిషాలు చీకటికే సరి. ఈలోగా హాల్లో ఈలలు, సెల్‌ఫోన్ వెలుగులు. ఒక్కచోట, ఒక్క పూట జరిగే కథ ఎంచుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

ఇక మాట. దీని దగ్గర కాసేపు ఆగుదాం. తెలుగులో క్రియ చివర వస్తుంది, అవునో కాదో కూడా అక్కడే తేలుతుంది. కొత్త నటులు దాదాపు అందరూ వాక్యాన్ని గట్టిగా ఎత్తుకుని చివరికొచ్చేసరికి గొంతు దించేస్తారు. ‘నీ డబ్బు నేను’ దాకా ఖంగుమంటుంది, తర్వాత ఊపిరి అయిపోతుంది. తీసుకున్నాడో తీసుకోలేదో పదో వరుసకు తెలియదు. నాటిక మలుపంతా ఆ మాట మీదే ఉంటే ఏం మిగిలినట్టు?

మందు ఉంది. స్క్రిప్టులో ప్రతి వాక్యం చివరి మాట కింద గీత గీయండి. ముందు ఆ మాట ఒక్కటే మూడుసార్లు అనండి, తర్వాత వాక్యం మొత్తం చెప్పండి. పొడుగు వాక్యమైతే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, కర్త తర్వాతో, ‘అందుకని’ తర్వాతో. ఆపైన ఇద్దరు గ్రౌండులో పదిహేను మీటర్ల ఎడంగా నిలబడి అరవకుండా సంభాషణ నడపాలి. అరిస్తే గొంతు పీలగా మారుతుంది, మాట మళ్ళీ పోతుంది.

మైకులున్నాయిగా అంటారు. స్టాండు మైకులు మూడు పెడితే తొమ్మిదిమందీ వాటి చుట్టూ చేరతారు, మొగుడూ పెళ్ళాల గొడవ కూడా మైకుతోనే నడుస్తుంది. పైన వేలాడదీసిన మైకు ఫ్యాను హోరును కూడా పట్టేస్తుంది. నేలకు దగ్గరగా పెట్టినదాంట్లో చెక్క వేదిక మీద అడుగులు దబదబా మోగుతాయి. జంపఖానా పరచండి, వేదిక దగ్గరి ఫ్యాన్లు ఆపించండి, మైకును సాయానికే ఉంచుకోండి.

చాలా సెమినార్ హాళ్ళలో నేల చదునుగా ఉంటుంది, వేదిక రెండు మూడు అడుగులే. నేల మీద ఏం చేసినా వెనక వరుసలకు ముందువాళ్ళ తలలే కనిపిస్తాయి. కాబట్టి చచ్చే పాత్ర మంచం మీద చావాలి. ఏడ్చేవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టండి.

లైటు నడినెత్తిన ఉంటే కళ్ళు గుంటలై కనిపిస్తాయి. ముందువైపు రెండు పక్కల నుంచీ ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో పడాలి. 1000 వాట్ల హేలోజెన్లు నాలుగు వాడితే 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు దాటుతుంది. అన్నీ ఒకే 16 ఆంపియర్ల లైనుకు తగిలిస్తే బ్రేకరు పడిపోవచ్చు, అదీ సరిగ్గా క్లైమాక్సులోనే. రెండు వేర్వేరు లైన్లు అడగండి. ముసలి వేషానికి తలకు టాల్కం పౌడరు మాత్రం వద్దు, తల ఊపితే లైట్లలో పొగలా లేస్తుంది.

రిహార్సల్స్‌కు రోజుకు గంటన్నర చొప్పున ఐదు వారాలు పెట్టుకోండి. మొదటి వారం కూర్చుని చదవడమే. రెండో, మూడో వారాల్లో కదలికలు. కదలికలు మొదలైన రోజు నుంచే అసలు గ్లాసు, అసలు కుర్చీ వాడాలి, ఎందుకంటే టీ తాగుతూ మాట్లాడడానికి పట్టే టైము ఉత్త చేత్తో తేలదు. నాలుగో వారం స్క్రిప్టు చేతిలో ఉండకూడదు, పక్కనుంచి మాట అందించే ప్రాంప్టింగూ ఆగిపోవాలి. ఆఖరి వారం దుస్తులు, లైట్లతో. క్లాసులో హాజరుకు ప్రాక్సీ చెల్లుతుందేమో, ఇక్కడ ఒక్కడు రాకపోయినా ఎదుటివాడు గాలితో మాట్లాడాలి.

పై స్థాయి పోటీలకు వెళ్తే కథ సారాంశం హిందీలోనో ఇంగ్లీషులోనో ఇవ్వాలి. తెలుగు రాని జడ్జీలు ఉండొచ్చు. వాళ్ళకు ఎవరు ఎవరికి ఏమవుతారో కూర్చునే తీరులో, చూపులో తెలియాలి.

ఇప్పుడు ఎవరైనా ఇద్దరు స్క్రిప్టు పట్టుకుని పైకి రండి. మైకు ఆపేస్తున్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్ళు, వాక్యం చివరి మాట వినబడనప్పుడల్లా చెయ్యెత్తండి.