టైరు రబ్బరు: సిలికా తరువాత ఏమిటి?

(స్టూడియో చర్చ లిఖిత రూపం. పాల్గొన్నవారు: పాలిమర్ రసాయన శాస్త్రం బోధించే ఆచార్యురాలు, టైరు కాంపౌండ్ల (రబ్బరు మిశ్రమాల) తయారీలో పనిచేసే ఇంజనీరు.)

వ్యాఖ్యాత: నమస్కారం. సదాశివపేటలో, చినపాండూరులో, అచ్యుతాపురంలో టైర్ల కర్మాగారాలు నడుస్తున్నాయి కనుక రబ్బరు సంగతి తెలుగువారికి దూరపు విషయం కాదు. అయినా టైరును చూస్తే మన చిన్నప్పుడు ఎంత నల్లగా ఉండేదో ఇప్పుడూ అంతే నల్లగా ఉంది. లోపల మారిందేమిటి మేడమ్?

ఆచార్యురాలు: రబ్బరుకూ, అందులో కలిపే పొడికీ మధ్య ఉన్న బంధం మారింది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసినప్పటి నుంచి పొడవైన అణుగొలుసుల మధ్య అడ్డుబంధాలు వేయడం మనకు తెలుసు. కానీ ఆ రబ్బరు ఒక్కటే టైరుకు చాలదు, మసి లాంటి నల్లని కార్బన్ పొడి, అంటే కార్బన్ బ్లాక్, కలిపితేనే అరుగుదలకు నిలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ పొడి రేణువులు ఒకదానినొకటి పట్టుకుని రబ్బరు లోపల ఒక వల అల్లుకుంటాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ వల కొంత తెగుతుంది, మళ్లీ అల్లుకుంటుంది, తెగినప్పుడల్లా కొంత శక్తి వేడిగా మారిపోతుంది. వల ఇలా తెగి రబ్బరు మెత్తబడడాన్నే పేన్ ఎఫెక్ట్ అంటారు. బండిలో పోయించుకునే పెట్రోలులో కొంత భాగం ఈ వేడి కిందే ఖర్చవుతోంది.

వ్యాఖ్యాత: పొడి తగ్గిస్తే సరిపోదా?

ఇంజనీరు: తగ్గిస్తే టైరు తొందరగా అరిగిపోతుందండీ. ఇంధనం ఆదా, తడి రోడ్డు మీద పట్టు, మన్నిక అనే మూడింటిలో ఒకదాన్ని పెంచితే ఇంకొకటి తగ్గడం మా పనిలో రోజూ ఉండే తలనొప్పి. 1992లో మిషెలిన్ కార్బన్ బ్లాక్ స్థానంలో చాలావరకు సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే, పొడి రూపంలో) వాడిన టైరును మార్కెట్‌లోకి తెచ్చిన తరువాతే, పట్టు పోకుండా ఇంధనం ఆదా చేయడం కార్ల టైర్లలో సాధ్యమైంది.

ఆచార్యురాలు: అందులోని కిటుకు చెప్పాలి. సిలికా ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది, రబ్బరును ఇష్టపడదు. అందుకే ఒక కొస సిలికాను, మరో కొస రబ్బరును పట్టుకునే సిలేన్ అనే రసాయనాన్ని మధ్యవర్తిగా వేస్తారు. అప్పుడు రేణువులు తమలో తాము వల అల్లుకోవడం బాగా తగ్గుతుంది. చక్రం మామూలుగా దొర్లేటప్పుడు రబ్బరు సెకనుకు పదిసార్ల చొప్పున నలుగుతుంది, బ్రేకు వేసినప్పుడు మాత్రం రోడ్డు గరుకుదనం వల్ల అదే రబ్బరు వేలసార్లు, అంతకంటే ఎక్కువగా కూడా అదురుతుంది. మొదటి సందర్భంలో శక్తి నష్టం తక్కువగా ఉండాలి, రెండో సందర్భంలో ఎక్కువగా ఉండాలి, ఎందుకంటే పట్టు వచ్చేది ఆ నష్టం నుంచే. ప్రయోగశాలలో 60 డిగ్రీల దగ్గర కొలిచిన నష్టం ఇంధనం సంగతి చెబితే, 0 డిగ్రీల దగ్గర కొలిచినది తడి రోడ్డు సంగతి చెబుతుంది.

ఇంజనీరు: కాగితం మీద బాగుంటుంది మేడమ్, మిక్సర్‌లోనే అసలు పరీక్ష. సిలేన్ సిలికాతో కలవాలంటే కాంపౌండ్ 140 నుంచి 160 డిగ్రీల మధ్య కొన్ని నిమిషాలు నిలవాలి. వేడి చాలకపోతే బంధం పడదు, మితిమీరితే సిలేన్‌లోని గంధకం విడిపోయి రబ్బరు మిక్సర్‌లోనే గట్టిపడడం మొదలవుతుంది. పైగా ఆ చర్యలో ఆల్కహాల్ ఆవిరి వస్తుంది, దాన్ని బయటికి పంపాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. సిలికాలో విద్యుత్తు ప్రవహించదు కనుక బండిలో పేరుకున్న స్థిరవిద్యుత్తు నేలకు దిగదు. అందుకని చాలా సిలికా టైర్లలో ట్రెడ్ (రోడ్డును తాకే పైపొర) మధ్యన పైనుంచి లోపలి దాకా కార్బన్ బ్లాక్ రబ్బరుతో సన్నని చార ఒకటి పోస్తారు. కొత్త టైరును వెలుతురులో జాగ్రత్తగా గమనిస్తే ఆ గీత కొన్నిసార్లు కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: మరి లారీ టైర్లకూ సిలికాయేనా?

ఇంజనీరు: లారీ ట్రెడ్‌లో ఇప్పటికీ ప్రధానంగా సహజ రబ్బరు, కార్బన్ బ్లాకే. సాగదీసినప్పుడు సహజ రబ్బరులో స్ఫటికాలు ఏర్పడి చీలికను ఆపుతాయి, కృత్రిమ రబ్బర్లకు ఆ గుణం అంతగా రాలేదు. కానీ అందులో సహజంగా ఉండే ప్రోటీన్లు సిలేన్ పనికి అడ్డు తగులుతాయి, అందుకే అక్కడ సిలికా అంత సులువుగా కుదరదు.

వ్యాఖ్యాత: పర్యావరణం మాటకు వద్దాం.

ఆచార్యురాలు: నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2020 చివర వెలువడిన ఒక పరిశోధన. అమెరికాలోని సియాటిల్ పరిసరాల్లో గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడగానే చచ్చిపోయేవి. టైర్లు ఓజోన్ తగిలి పగిలిపోకుండా కలిపే 6పీపీడీ ఉపరితలానికి చేరి ఓజోన్‌తో కలిసినప్పుడు పుట్టే క్వినోన్ అనే పదార్థమే దానికి కారణమని తేలింది. 2023లో కాలిఫోర్నియా ఆ రసాయనం ఉన్న టైర్ల తయారీదారులు ప్రత్యామ్నాయాలను పరిశీలించాల్సిందేనని నిబంధన పెట్టింది.

ఇంజనీరు: దాన్ని తీసేయమంటే సులువే, కానీ పక్కగోడ పగిలిన టైరుతో రోడ్డెక్కడం ఎవరికీ క్షేమం కాదు.

ఆచార్యురాలు: ఆ మాట ఒప్పుకుంటాను, అయినా ఆ సాకుతో పాతికేళ్లు గడపకూడదు.

వ్యాఖ్యాత: పాత టైర్ల గతి ఏమిటి? మన దేశంలో 2022లో ఉత్పత్తిదారులకే బాధ్యత అప్పగించారు కదా.

ఇంజనీరు: అవును, మొదటి ఏడాది 35 శాతం, తరువాత 70, ఆపై 100 శాతం రీసైకిల్ కావాలని లక్ష్యాలు పెట్టారు. పొడిచేసి తారులో కలపడం, గాలి లేకుండా బాగా వేడిచేసి నూనె, కార్బన్ తీయడం నడుస్తున్నాయి. రబ్బరును మళ్లీ రబ్బరుగా మార్చడమే కష్టం. గంధక బంధానికీ గొలుసులోని కార్బన్ బంధానికీ బలంలో తేడా పెద్దది కాదు, అందుకే మొదటిదాన్ని తెంచబోతే రెండోదీ తెగుతుంది.

ఆచార్యురాలు: అందుకే విట్రిమర్ల మీద ఆశ. పారిస్‌లో లూడ్విక్ లైబ్లర్ బృందం 2011లో చూపిన ఈ పదార్థాలలో వేడిచేస్తే అడ్డుబంధాలు స్థానాలు మార్చుకుంటాయి గాని వాటి సంఖ్య తగ్గదు. అలా ముక్కలను కలిపి మళ్లీ అచ్చు పోయవచ్చు.

ఇంజనీరు: బంధం చోటు మార్చుకోగలిగితే బరువు కింద టైరు మెల్లగా రూపం కోల్పోదా? నిండు లోడుతో ఎండలో పరుగెత్తే లారీ టైరు లోపల వేడి వంద డిగ్రీలు దాటగలదు.

ఆచార్యురాలు: ఆ ప్రశ్న న్యాయమైనదే, అందుకే నేను టైరుతో మొదలుపెట్టమనడం లేదు. చెప్పుల అడుగులు, సీళ్లు, కన్వేయర్ బెల్టుల పైపొరలు ముందు రావాలి.

ఇంజనీరు: బెల్టుకైతే మా మిక్సర్ ఖాళీ చేస్తాను మేడమ్. టైరుకు మాత్రం వంద డిగ్రీల దగ్గర వెయ్యి గంటల క్రీప్ (బరువు కింద మెల్లగా రూపం మారడం) ఫలితాలు చూపించండి, తరువాత మాట్లాడదాం.