కార్డు పెడితే పాడే డబ్బా

నమస్తే అందరికీ. డబ్బా చూడడానికే వచ్చారు కాబట్టి ముందు అదే చూపిస్తాను. ఇదిగో, ఏనుగు బొమ్మ అంటించిన కార్డు పైన పెట్టాను, పాట మొదలైంది. తీశాను, ఆగింది. అంతే, ఇంకేం చేయదు. తెర లేదు, ఇంటర్నెట్ లేదు, మధ్యలో యాడ్ దూరే సందు లేదు. చదవడం రాని మూడేళ్ల పిల్ల కూడా ఎవరినీ బతిమాలకుండా తనకు కావాల్సింది తానే పెట్టుకుని వింటుంది.

ఇట్లాంటివి బయట అమ్ముతారు. జర్మనీలో 2016లో టోనీబాక్స్ అని ఒకటి వచ్చింది, పెట్టె మీద బొమ్మను నిలబెడితే కథ చెప్తుంది. ఆ తర్వాత అక్కడే ఇంట్లో చేసుకునేవాళ్ల కోసం టోన్‌యూఇనో అని ఒక ప్రాజెక్టు మొదలైంది, కోడ్ అందరికీ ఇచ్చేశారు. నేను చెప్పబోయే సర్క్యూట్ కూడా దాదాపు అదే. మరి కొనుక్కుంటే పోలేదా అని అడుగుతారు. పోవచ్చు, కానీ కొన్న పెట్టెతో వచ్చే కథల్లో పాలమూరు యాస ఎక్కడ దొరుకుతుంది? నేను దీన్ని చేసుకోమనేది అందుకే గాని, డబ్బులు మిగులుతాయని కాదు.

చాలామంది కార్డులో పాట ఉంటుందనుకుంటారు. ఉండదు. కార్డులో ఉండేది సన్నని తీగచుట్ట, చిన్న చిప్, అందులో ఒక నంబరు. బ్యాటరీ కూడా లేదు. డబ్బాలోని రీడర్ 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, కార్డు దగ్గరికి రాగానే ఆ తీగచుట్టలో కరెంటు పుడుతుంది, చిప్ లేచి తన నంబరు చెప్తుంది. ఈ నంబరు వస్తే ఫలానా ఫోల్డర్ వాయించు అని మనం కోడ్‌లో రాసుకుంటాం. కొనేటప్పుడు మాత్రం చూసుకోండి, 125 కిలోహెర్ట్జ్ కార్డులు కూడా చూడ్డానికి అచ్చం ఇట్లనే ఉంటాయి, అవి ఈ రీడర్‌కు పనికిరావు. మైఫేర్ క్లాసిక్ అనో ఎన్‌ట్యాగ్213 అనో అడిగి తీసుకోండి.

సామాను పెద్దగా లేదు: కోడ్ నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో నానో, కార్డు నంబరు చదివే ఆర్‌సీ522 రీడర్, పాటలు వాయించే డీఎఫ్‌ప్లేయర్ మినీ, పాటలు ఉండే మెమరీ కార్డు, 3 వాట్ల స్పీకర్. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. రీడర్‌కు 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 ఇస్తే పాడవుతుంది. నానో నుంచి, ప్లేయర్ ఆదేశాలు అందుకునే ఆర్‌ఎక్స్ కాలుకు పోయే వైరులో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ వేయండి, లేకుంటే స్పీకర్‌లో గీగీమని ఒక రొద వస్తుంది. ఇక డబ్బా. అందరి కన్నూ ముందు ఇంట్లో ఉన్న బిస్కెట్ల రేకు డబ్బా మీదే పడుతుంది, అది వద్దు, లోహం అడ్డముంటే రీడర్‌కు కార్డు కనిపించదు. ప్లైవుడ్ గాని ప్లాస్టిక్ గాని తీసుకోండి, అదీ పైమూత పలుచగా ఉండాలి, ఎందుకంటే ఈ రీడర్ అందేది కొద్ది సెంటీమీటర్ల దూరమే.

కార్డు తీస్తే పాట ఆగడం చూడ్డానికి చిన్న విషయం, కోడ్‌లో మాత్రం అదే కాస్త తలనొప్పి. ఒకసారి చదివాక కార్డును నిద్రపుచ్చడం మామూలు పద్ధతి, నిద్రపోయిన కార్డు మామూలు పిలుపుకు పలకదు. అది ఇంకా అక్కడే ఉందా లేదా తెలియాలంటే లేపే ఆదేశం వేరే ఉంది, అది పంపి చూడాలి. ఇంత తిప్పలు ఎందుకు, ఒకసారి మొదలైతే చివరిదాకా పాడనివ్వొచ్చు కదా అంటే, ఐదారేళ్ల పిల్లలకైతే సరే. చిన్నపిల్లలకు పెడితే పాడడం, తీస్తే ఆగడం, అదే సగం ఆట.

ఫైళ్ల సంగతి. ఫోల్డర్లకు 01, 02 అని, లోపల 001, 002 అని పేర్లు పెట్టండి. కొన్ని ఆదేశాల్లో ఈ ప్లేయర్ ఫైలు పేరు చూడదు, మెమరీ కార్డులోకి ఏది ముందు కాపీ అయితే అదే మొదటిది అనుకుంటుంది. కోతి కార్డు పెడితే పులి కథ వచ్చిందంటే వైర్లు విప్పకండి, ముందు ఇది చూడండి.

ఇప్పుడు అసలు పని, రికార్డింగ్. నన్నడిగితే సోల్డరింగ్‌కు పెట్టిన టైముకు రెండింతలు దీనికి పెట్టాలి. నానమ్మ పొలం పనుల్లో పాడుకున్నవి, బతుకమ్మకు వాడకట్టు ఆడోళ్లంతా కలిసి పాడేవి, తాత చెప్పే ఊరి చెరువు ముచ్చట్లు, ఏదైనా సరే. స్టూడియో అవసరం లేదు, ఫ్యాన్ ఆపేసి ఫోన్‌ను మూరెడు దూరంలో పెడితే చాలు. పాడమంటే మా అవ్వలాంటి వాళ్లు సిగ్గుపడతారు, ఫోన్ పక్కన పెట్టి చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడించండి, పాట దానంతటదే వస్తుంది. నారాయణపేట, మక్తల్ వైపు ఇంకో అవసరం కూడా ఉంది. అమ్మానాన్న పనికి ముంబై, పుణె పోతారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. అమ్మానాన్న వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్‌లు ఫోన్ మారితే పోవచ్చు. అవి డబ్బాలోకి ఎక్కించి, కార్డు మీద అమ్మ ఫొటో అంటించండి. అయితే ఆ ఫైళ్లు ఓపస్ రకం, ఈ ప్లేయర్‌కు అర్థం కావు, ముందు ఎంపీ3గా మార్చాలి. ఫోన్ రికార్డర్‌లో వచ్చే ఎం4ఏ కూడా అంతే.

మన పన్నెండు మెట్ల కిన్నెర కూడా ఒక కార్డుకు పెట్టుకోవచ్చు. కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం గాని, ఆ వాద్యం మోత విన్న పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారు?

సౌండ్ విషయంలో నేను మొండిగా ఉంటాను. ప్లేయర్‌లో 30 మెట్లుంటాయి, సగం దాటకుండా కోడ్‌లోనే కట్టేయండి. పిల్లలు చెవి తెచ్చి స్పీకర్‌కే ఆనిస్తారు. కరెంటుకు పాత ఫోన్ చార్జర్ బాగా పనిచేస్తుంది. పవర్ బ్యాంకు పెడితే కొన్ని వాటంతటవే ఆరిపోతాయి, డబ్బా ఊరికే ఉన్నప్పుడు లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి ఏమీ తగిలించలేదనుకుంటాయి. విడి లిథియం సెల్ వాడితే ప్రొటెక్షన్ ఉన్న చార్జింగ్ బోర్డు తప్పనిసరి. కార్డుకు బదులు బొమ్మలు చేసుకుంటే వాటిలో అయస్కాంతాలు, బటన్ సెల్స్ మాత్రం పెట్టొద్దు, మింగితే పేగులకూ గొంతుకూ ప్రమాదం. డబ్బా మూత స్క్రూలతోనే బిగించండి, జిగురు వేస్తే రేపు మీరే విప్పలేరు.

కార్డు పోయిందా, ఏం కాదు, పాట డబ్బాలోనే ఉంది. కొత్త కార్డు నంబరు అదే ఫోల్డర్‌కు కలిపేస్తే సరిపోతుంది. సరే, ఇంకో డబ్బా మూత తీసి ఆ టేబుల్ మీద పెట్టాను, దగ్గరికి వచ్చి చూడండి. కోడ్ కావాల్సిన వాళ్లు పెన్‌డ్రైవ్ ఇవ్వండి, ఎక్కించి ఇస్తాను.