పిల్లి గిన్నెలో నీళ్ళ లెక్క

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అదీ ఈ ఉక్కపోతలో, పిల్లి తిండి గురించి వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. ఇదే హాల్లో కుళాయి నీళ్ళ మీటింగ్ పెడితే ఇందులో సగం మంది కూడా రాలేదు. సెక్రటరీ గారు నవ్వుతున్నారు గానీ ఆయనకీ తెలుసు.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఈ విజయనగరం చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. అంచేత నేను చెప్పగలిగిందీ లెక్కే. మీ ఇళ్ళలో ఉన్న పిల్లి తిండి ప్యాకెట్లు, ఖాళీవైనా సరే, పట్టుకురమ్మన్నాను. కొందరు తెచ్చినట్టున్నారు. దగ్గర పెట్టుకోండి, వాటితో పనుంది.

పిల్లి పెంచేవాళ్ళు ఇద్దరు ఎదురుపడితే ముందు అడుక్కునేది ఒకటే. "మీరు డ్రై పెడతారా, వెట్ పెడతారా?" డ్రై అంటే గింజల తిండి. వెట్ అంటే పౌచ్‌లోనో టిన్నులోనో గ్రేవీతో వచ్చే ముద్ద తిండి. మా ఇంట్లో పాలు పోసే ఆవిడ మొదటిసారి ఆ పౌచ్ చూసి, "ఏటమ్మా, పిల్లికి కూర పొట్లాలు కూడా కొంతన్నారేటి?" అంది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి లేదు. నేనూ అలాగే అనుకుని రెండేళ్ళు పౌచ్ జోలికి పోలేదు. ఫలితం సింహాద్రి అనుభవించాడు.

సింహాద్రి అంటే మా పిల్లి. ఒక వానాకాలం సందు చివర ఆగి ఉన్న ఆటో కింద దొరికాడు. అరచేతిలో పట్టేంత ఒళ్ళు, వీధంతా వినిపించే అరుపు. ఆ గొంతుకి ఆ పేరు తప్ప వేరేది కుదరలేదు. వాడికి గింజలు అలవాటు చేశాను. పొద్దున్నే గిన్నెలో గుప్పెడు పోస్తే సాయంత్రం దాకా చూడక్కర్లేదు. వాసన రాదు, పాడవదు, చీమలు పట్టినా దులిపేయొచ్చు. ఇంతకన్నా సుఖం ఏముంది?

మూడో ఏడు మే నెల. వాడు ఇసుక ట్రేలోకి వెళ్తాడు, కూర్చుంటాడు, లేచి వస్తాడు. పది నిమిషాలకి మళ్ళీ. నేను మలబద్ధకం అనుకున్నాను. పక్కింటావిడ చెంచాడు ఆముదం పట్టమంది. పట్టలేదు, ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే. రాత్రి ట్రే శుభ్రం చేద్దామని చూస్తే ఇసుక పొడిపొడిగా ఉంది. ఎక్కడా ఒక్క ఉండ కట్టలేదు, అంటే వాడు మూత్రమే పోయలేదు. వాడు వంటింటి గచ్చుకి పొట్ట ఆనించి పడుకున్నాడు, చెయ్యి వేస్తే మూలుగుతున్నాడు.

డాక్టరు గారు వాడి పొట్ట తడిమి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించారు. వేళ్ళ కింద కమలాపండంత ఉండ, రాయిలా గట్టిగా తగిలింది. "ఇది మూత్రాశయం. దారి మూసుకుపోయింది. రేపు తెచ్చుంటే నేను చేసేది ఏమీ ఉండేది కాదు" అన్నారు. సన్నటి గొట్టం వేశారు. నెత్తురు కలిసిన మూత్రం, అందులో రవ్వ లాంటి పొడి. మూడు రోజులు సెలైన్. ఆ మూడో రోజు ఆయన నన్నడిగింది ఏ కంపెనీ తిండి అని కాదు. "వీడు రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతాడమ్మా?" అన్నారు. జీవితమంతా లెక్కలు చెప్పిన నా దగ్గర ఆ ఒక్క అంకె లేదు.

గింజలు తినే ప్రతి పిల్లికీ ఇలా అవుతుందని నేననను. గింజలతోనే పదిహేనేళ్ళు బతికిన పిల్లులున్నాయి. మగపిల్లికి మూత్రనాళం సన్నం. దానికి ఒళ్ళు రావడం, ఇల్లు కదలకపోవడం, ఏదైనా బెదురు, టెన్షన్ తోడైతే ఇలాంటివి వస్తాయి. ఆ జాబితాలో మన చేతిలో ఉన్నవాటిలో పెద్దది నీళ్ళు.

పిల్లికి నీళ్ళతో పేచీ ఎందుకంటే, దాని పూర్వీకులు ఎడారి జంతువులు. మన ఇళ్ళ పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి సంతతి. ఆ ఎడారుల్లో చెరువులూ నూతులూ అరుదు. దాని మంచినీళ్ళు ఎలుక ఒంట్లోనే ఉండేవి. ఎలుక బరువులో నూటికి 70 వంతులు నీరే. అందుకే పిల్లికి దాహం తొందరగా తెలియదు, మూత్రం బాగా చిక్కబరిచి నీళ్ళు మిగుల్చుకుంటుంది. ఎలుకలు తిన్నంత కాలం అది గొప్ప విద్య. గింజలు తినడం మొదలుపెట్టాక అదే తలనొప్పి.

ఇదిగో, టేబుల్ మీద రెండు టీ గ్లాసులు పెట్టాను. బడ్డీలో ఇచ్చే గ్లాసులే, ఒక్కోటి 100 మిల్లీలీటర్లు పడుతుంది. నాలుగు కేజీల పిల్లికి, తిండిలో వచ్చేదీ తాగేదీ కలిపి, రోజుకి సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. అంటే ఈ రెండు గ్లాసులూ. గింజల్లో తేమ నూటికి 10 లోపే. ఆ పిల్లి రోజుకి 55 గ్రాముల గింజలు తింటే అందులోంచి వచ్చేది ఇదిగో, ఈ ఒక్క చెంచాడు. మిగిలిన రెండు గ్లాసులూ అది నాలుకతో తాగాలి. పౌచ్‌లో తేమ 80 చుట్టుపక్కల ఉంటుంది. 80 గ్రాముల పౌచ్‌లు మూడు తింటే 240 గ్రాములు, అందులో నీరు 192. రెండు గ్లాసులూ నిండిపోయాయి, పిల్లి నీళ్ళ గిన్నె దగ్గరికే వెళ్ళలేదు. గింజలు తినే పిల్లి గిన్నెలో కాస్త ఎక్కువే తాగుతుంది, నిజమే. కానీ ఆ లోటు పూర్తిగా పూడ్చుకోదు.

ఇప్పుడు ప్యాకెట్లు తిప్పండి. గింజల ప్యాకెట్ మీద ప్రోటీన్ 32 అని ఉంటుంది, పౌచ్ మీద 9 అని. చూడగానే ఎవరైనా ఏమంటారు? "గింజల్లోనే బలముంది, ఇది ఉట్టి నీళ్ళు" అంటారు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా నా దగ్గర ఇదే తప్పు చేసేవారు, నూటికి ఎంత అని అడిగితే దేనిలో నూటికో చూసుకునేవారు కాదు. నీళ్ళు తీసేసి పోల్చాలి. గింజల్లో నీరు 10 పోతే మిగిలింది 90, అందులో 32, అంటే నూటికి సుమారు 36. పౌచ్‌లో నీరు 82 పోతే మిగిలింది 18, అందులో 9. అంటే సరిగ్గా సగం, నూటికి 50. ఉట్టి నీళ్ళన్నది గెలిచింది. అన్ని పౌచ్‌లూ ఇలా గెలవవు, కొన్ని ఓడిపోతాయి కూడా. అందుకే మీవి మీరే వేసుకోవాలి.

గింజ గింజలా నిలబడాలంటే పిండి పదార్థం ఉండాలి. వేడితో, ఒత్తిడితో మిషన్‌లోంచి బయటికి తోసినప్పుడు పొంగేది ఆ పిండే. అంచేత మొక్కజొన్నో బియ్యమో ఏదో ఒకటి కలవక తప్పదు. పిల్లి మాంసాహారి. కొంత పిండి అరిగించుకోగలదు గానీ దానికి అవసరం లేదు. తీపి రుచి కూడా దానికి తెలియదు. తీపిని పట్టే జన్యువు పిల్లుల్లో చెడిపోయి ఉందని 2005లో తేల్చారు. కోవా ముక్క కోసం మీ చుట్టూ తిరిగితే అది పాల కొవ్వు కోసం, పంచదార కోసం కాదు.

వెనక బెంచీలోంచి ఎవరో "మా అమ్మమ్మ పెరుగన్నమే పెట్టేది, పిల్లి భేషుగ్గా ఉండేది" అంటున్నారు. మా అమ్మమ్మా పెట్టేది. కానీ ఆ పిల్లి పెరుగన్నంతో బతకలేదండీ. గాదె కింద ఎలుకల్ని తిని బతికింది. పెరుగన్నం దానికి మనం టీతో తినే బిస్కెట్ లాంటిది. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ పిల్లికి గాదెల్లేవు, ఎలుకల్లేవు, బిస్కెట్ ఒక్కటే మిగిలింది.

పిల్లికి టారిన్ అనే పదార్థం కావాలి. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు. పిల్లి ఒళ్ళు దాన్ని సరిపడా తయారుచేసుకోలేదు. అది తగ్గితే చూపు పోతుంది, గుండె కండరం సాగి పలచబడుతుంది. ఆ గుండె జబ్బుకి టారిన్ లోటే కారణమని అమెరికాలో 1987లో బయటపెట్టారు. అప్పటిదాకా అంగట్లో అమ్మే కొన్ని రకాల పిల్లి తిండిలోనూ అది చాలినంత ఉండేది కాదు. ఆ తరువాతే కంపెనీలు పెంచాయి.

చేపల సంగతి చెప్పకపోతే మన జిల్లా మీటింగ్ అనిపించుకోదు. చింతపల్లి వైపు నుంచి వచ్చే కవళ్ళు, నెత్తళ్ళు ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి, ఆ ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి. టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది, పారబోయకండి. వారానికి రెండుసార్లు బాగుంటుంది. రోజూ అదే తిండి కాకూడదు. కొన్ని పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ని విరిచేసే గుణం ఉంది, ఉడికిస్తే పోతుంది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, వద్దు. పులుసులో ముక్క అస్సలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తురులోని ఎర్రకణాల్ని పాడుచేస్తాయి. పాలు ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలౌతాయి.

గింజలు తింటే పళ్ళు శుభ్రమవుతాయని దుకాణాల్లో చెబుతారు. జంతికలు తింటే మన పళ్ళు తోముకున్నట్టవుతుందా? పళ్ళ కోసమే ప్రత్యేకంగా చేసినవి కొన్ని ఉన్నాయి, మామూలు గింజ మాత్రం పంటి కింద పడగానే విరిగిపోతుంది.

ఇక డబ్బు. నేను కొనే పౌచ్ 45 రూపాయలు. రోజుకి మూడంటే నెలకి 4,050. గింజలు కేజీ 400 చొప్పున, రోజుకి 55 గ్రాములంటే నెలకి 660. పెన్షన్ మీద బతికేవాళ్ళం, నాలుగు వేలు పిల్లికి పెట్టండని నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మా ఇంట్లో కుదిరింది ఇది. పొద్దున్నే 35 గ్రాముల గింజలు, కాటాలో తూచి. రాత్రి ఒక పౌచ్, అందులో నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపి. మొత్తం సుమారు 200 క్యాలరీలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లోనే ఉండే నాలుగు కేజీల పిల్లికి దాదాపు చాలు. నెలకి 1,770. నీళ్ళ గిన్నె వెడల్పుదొకటి హాల్లో, ఒకటి వరండాలో, తిండి గిన్నెకి దూరంగా. గింజలు దోసిలితో పోయడం మానేశాను. పిల్లికి ఒళ్ళు రావడంలో సగం మన దోసిలి పుణ్యమే.

పౌచ్‌కి మన వాతావరణంలో ఒక బాధ ఉంది. ఈ ఎండలో గంట దాటితే తీసి పారేయాల్సిందే. గిన్నెని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెడితే చీమలు రావు. సగం మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మర్నాడు వేడినీళ్ళలో గిన్నె పెట్టి చల్లదనం విరిచి పెట్టండి. చల్లటిది పిల్లి మూతి తిప్పుకుంటుంది. గింజల్లోనూ మోసముంది. ఒక దుకాణంలో మూతి విప్పిన బస్తాలోంచి తూచి ఇస్తే చవకని కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే మెత్తబడి, మక్కిన నూనె వాసన. సీలున్న ప్యాకెట్ కొనండి, దాని మీద కంప్లీట్, అంటే పూర్తి ఆహారం, అని ఉందో లేదో చూడండి. కాంప్లిమెంటరీ అని ఉంటే అది చిరుతిండి. పిల్లులకి నాకించే క్రీమ్ ట్యూబుల్లో చాలావరకు అవే.

మార్చేటప్పుడు తొందర పడకండి. పాతదానిలో కొత్తది చెంచాడు చొప్పున కలుపుతూ పది రోజులు తీసుకోండి. సింహాద్రి మొదటి మూడు రోజులు గ్రేవీ నాకి ముక్కలు వదిలేశాడు. "ఆకలైతే అదే తింటుంది" అని పస్తు పెట్టకండి, పిల్లితో ఆ పంతం పనికిరాదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్న పిల్లులకి నా లెక్కలు పనికిరావు, డాక్టరు చెప్పిందే పెట్టండి. మనకి గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. మగపిల్లి ట్రేలో ఊరికే కూర్చుని లేస్తుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. నేను ఆగి ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి సింహాద్రి కథలో రెండో సగం ఉండేది కాదు.

సరే, మొదటి వరసలో ఆ ఆకుపచ్చ ప్యాకెట్ ఎవరిది? ఇలా ఇవ్వండమ్మా. తేమ ఎంతుందో గట్టిగా చదవండి, బోర్డు మీద వేద్దాం.