మచ్చ మీద దూది తగిలిందా?

హోస్ట్: నమస్కారం. ఈ రోజు మనతో ఒక చర్మ వైద్యురాలు ఉన్నారు. మేడమ్, మీ బోర్డు మీద ‘ఎండీ, డీవీఎల్’ అని ఉంది. ఆ మూడక్షరాలు ఏంటండీ?

డాక్టర్: డెర్మటాలజీ, వెనీరియాలజీ, లెప్రసీ. అంటే చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు. మన దేశంలో మూడూ కలిపి ఒకే చదువు. జుట్టు, గోళ్లు కూడా మేమే చూస్తాం. మొటిమలకీ, జుట్టు రాలడానికీ మా దగ్గరికి రావాలని అందరికీ తెలుసు. ఆ చివరి ‘ఎల్’ మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాకు అదే ముఖ్యమండీ.

హోస్ట్: ఎన్నేళ్లు చదవాలి?

డాక్టర్: ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. ఆ తర్వాత నీట్ పీజీ అనే ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు రావాలి, ఈ సీటుకి పోటీ ఎక్కువ. ఎండీ మూడేళ్లు, దానికి సమానమైన డీఎన్‌బీ అనే చదువు కూడా అంతే. డిప్లొమా అయితే రెండేళ్లు.

హోస్ట్: ఆ మూడేళ్లూ ఏం నేర్పుతారు?

డాక్టర్: ముందు చూడటం నేర్పుతారు. మచ్చ అంచు ఎలా ఉంది, పొట్టు లేస్తోందా, మధ్యలో మానిందా అని. తామరే తీసుకోండి. అంచు దగ్గర బ్లేడుతో కొంచెం పొట్టు గీకి, స్లైడు మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తాం. కాసేపటికి చర్మం కణాలు కరిగిపోయి ఫంగస్ మిగులుతుంది. మైక్రోస్కోపులో సన్నటి దారాల్లా, కొమ్మలు వేస్తూ కనిపిస్తుంది. పీజీలో మొదటిసారి చూసినప్పుడు ఆ స్లైడు వదిలి లేవలేకపోయాను.

హోస్ట్: మరి ఆ ‘ఎల్’?

డాక్టర్: కుష్ఠులో ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఒకటి వస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. మేము ఏం చేస్తామంటే, కళ్లు మూసుకోమని చెప్పి, దూది పోగుతో అక్కడక్కడా తాకుతూ, తగిలిన చోట వేలు పెట్టి చూపించమంటాం. మంచి చర్మం మీద టక్కున చూపిస్తారు. మచ్చ మీద తాకితే చెయ్యి కదలదు. “ఇంకా మొదలుపెట్టలేదా మేడమ్?” అని అడుగుతారు.

హోస్ట్: అయ్యో...

డాక్టర్: అప్పుడు మోచెయ్యి వెనక తడిమి చూస్తాం. దెబ్బ తగిలితే జివ్వుమంటుంది చూడండి, ఆ నరం. జబ్బు ఉంటే కొందరికి అది తాడులా లావెక్కి చేతికి తెలుస్తుంది. ఇది ఎన్ని పుస్తకాలు చదివినా రాదండీ, వందల చేతులు పట్టుకుంటేనే వస్తుంది.

హోస్ట్: కుష్ఠు పోయిందనుకున్నామే!

డాక్టర్: 2005 చివరికి దేశం మొత్తం మీద 10 వేల మందిలో ఒక్క కేసు కంటే తక్కువకి దిగింది. దాన్నే పూర్తిగా పోయినట్టు అనుకున్నారు. ఇప్పటికీ ఏటా దాదాపు లక్ష కొత్త కేసులు బయటపడుతున్నాయి. మందు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. జబ్బు తీరును బట్టి 6 నెలలో, 12 నెలలో వేసుకుంటే నయమవుతుంది. కానీ చెయ్యి వంకరపోయాక వస్తే, క్రిములు చస్తాయి గానీ పోయిన నరం తిరిగి రాదు. అదే నా బాధ.

హోస్ట్: ఆలస్యంగా ఎందుకు వస్తారు?

డాక్టర్: భయం ఒకటి. రెండోది మెడికల్ షాపు ట్యూబు. ఏ మచ్చకైనా స్టెరాయిడ్ కలిసిన క్రీమే ఇస్తారు. తామరకి అది రాస్తే రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మనిషికి హాయిగా ఉంటుంది. లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. అంచు చెరిగిపోతుంది కాబట్టి మా కంటికి కూడా గుర్తుపట్టడం కష్టం. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, తొడల దగ్గర చారలు పడతాయి. అవి పూర్తిగా పోవు.

హోస్ట్: మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఏం తెచ్చుకోవాలి?

డాక్టర్: ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని తేవాలి, ఖాళీవైనా సరే. “తెల్ల క్రీము రాశాను మేడమ్” అంటే నాకేం తెలుస్తుంది చెప్పండి? ఇంకో మాట, వచ్చే రోజు మచ్చ మీద పౌడరు గానీ, నూనె గానీ, పసుపు గానీ రాసుకుని రాకండి.